ది వీల్ ఆఫ్ టైమ్: 14 భాగాలు మొదలుపెట్టే ముందు, మధ్యలో వదిలేసే ముందు

ది వీల్ ఆఫ్ టైమ్ రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టిన ఇంగ్లీషు ఫాంటసీ నవలల సిరీస్. తీర్పు ముందే చెప్తాం: చదవాల్సిన సిరీసే. కానీ 14 భాగాల సెట్టు ఒకేసారి కొనొద్దు. అన్నిటినీ ఒకే వేగంతో చదవాలనీ అనుకోవద్దు. ఏడో భాగం నుంచి పదో భాగం దాకా ఈ పుస్తకాల మీద కోపం రావడం ఖాయం. ఆ కోపం ఎందుకొస్తుందో ముందే తెలిస్తే దాటిపోవచ్చు. తెలియక ఎనిమిదో భాగం దగ్గర అటక మీద పెట్టేసినవాళ్లు చాలామందే ఉంటారు.

రాబర్ట్ జోర్డన్ అన్నది కలం పేరు, అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ. మొదటి పుస్తకం 1990 జనవరిలో వచ్చింది. అప్పటి అంచనా 6 భాగాలు. 11 రాసి, 2007 సెప్టెంబరులో ఆయన చనిపోయారు. ఆయన భార్య, ఈ సిరీస్ ఎడిటర్ హారియట్ మెక్‌డూగల్ మిగిలిన కథను మరో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ చేతిలో పెట్టారు. ఒక్క పుస్తకంలో అయిపోతుందనుకున్న ముగింపు మూడు పుస్తకాలైంది. ఆఖరిది 2013 జనవరిలో వచ్చింది. ఇవి కాక 2004లో వచ్చిన పూర్వకథ ఒకటి వేరే ఉంది.

మొత్తం సుమారు 44 లక్షల పదాలు. ఇంగ్లీషు నిమిషానికి 150 పదాల చొప్పున చదివేవాళ్లకు 490 గంటలు పడుతుంది. రోజుకో గంట కేటాయిస్తే 16 నెలలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. సీజన్ పాస్ మీద రోజూ పోయివచ్చేవాళ్లకు ఒకవైపు ప్రయాణంలో రెండు గంటలు చదువు సాగితే 18,000 పదాలు అవుతాయి. అన్నిట్లోకీ పెద్దదైన నాలుగో భాగం దాదాపు 3.9 లక్షల పదాలు. అంటే రానూపోనూ చదివితే 11 పనిదినాలు, అదీ సీటు దొరికితేనే. నిలబడి ఒంటిచేత్తో పట్టుకుని చదివే లావు కాదు అది.

కథ సంగతి. మారుమూల పల్లెలోని కొందరు పడుచువాళ్లను చీకటి శక్తి వెతుక్కుంటూ వస్తుంది. వాళ్లలో ఒకడు ఎన్నో యుగాలుగా మళ్లీ మళ్లీ పుడుతున్న యోధుడు. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివినవాళ్లకు మొదటి భాగం బాగా తెలిసిన దారిలాగే అనిపిస్తుంది. రచయిత కావాలనే అలా మొదలుపెట్టాడు కాబట్టి ఆ ఒక్క పుస్తకం చూసి సిరీస్‌ను తూచకూడదు. రెండో భాగం చివర్లో దారి మారుతుంది. అక్కడికొచ్చినా మనసు పట్టకపోతే ఇది మీ పుస్తకం కాదు, నిశ్చింతగా ఆపేయొచ్చు.

కాలం చక్రంలా తిరుగుతుందని, యుగాలు పోయి మళ్లీ వస్తాయని, ప్రాణి మళ్లీ పుడుతుందని పాశ్చాత్య పాఠకుడికి పేజీల కొద్దీ వివరించాలి. మనకు అక్కర్లేదు. ఇక్కడ యుగాలు నాలుగు కాదు, ఏడు. అంత గుర్తుపెట్టుకుంటే చాలు. మాయాశక్తికి భూమి, గాలి, నిప్పు, నీరు, ఆత్మ అని ఐదు పాయలుంటాయి, ఇవీ మనకు కొత్త కాదు. కొత్తదల్లా ఆ శక్తి ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు కావడం. మగవాళ్ల సగం కలుషితమైపోయింది. దాన్ని వాడిన మగవాడికి ఎప్పటికైనా పిచ్చెక్కుతుంది. లోకాన్ని కాపాడాల్సినవాడు మగవాడే. ఈ ఒక్క ముడి మీద 14 పుస్తకాలు నిలబడ్డాయంటే, ఆ ముడి అంత గట్టిది.

ఈ సిరీస్ మీద ప్రేమ పుట్టేది నాలుగో భాగంలో. ఎడారి మధ్యలోని నగరంలో, గాజు స్తంభాల నడుమ, ఒక జాతి చరిత్ర వెనక నుంచి ముందుకు కాకుండా ముందు నుంచి వెనక్కి కనబడుతుంది. మనవడి కళ్లతో మొదలై తాత, ముత్తాత, వాళ్ల ముత్తాతల దాకా పోతుంది. ప్రతి మెట్టుకూ మనం నమ్మింది ఒకటి కూలిపోతుంది. 24 నుంచి 26 దాకా ఉన్న ఆ అధ్యాయాలు ఫాంటసీ సాహిత్యంలోనే ఎత్తైన చోట్లలో ఒకటని మా గట్టి నమ్మకం. ముందు వెయ్యికి పైగా పేజీలు చదివినందువల్లే అవి అంతలా తగులుతాయి. ఎవరో చెప్తే, వీడియోలో చూస్తే ఆ దెబ్బ తగలదు.

జోర్డన్ ఎవరినీ వదలడు. ఇంట్లో వడ్డించిన మనిషి, సభలో తల ఊపిన దొర, గుర్రం పట్టుకున్న కుర్రాడు, అందరికీ పేరుంది, బట్టలున్నాయి, సొంత లెక్కలున్నాయి. పేర్లున్న పాత్రలే రెండు వేలు దాటుతాయి. మొదటి 6 భాగాల్లో లోకాన్ని నిజం చేసింది ఆ గుణమే. ఏడో భాగం నుంచి కథను కదలకుండా పట్టేసింది కూడా అదే. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పలకరించి రావాలంటే అసలు మనుషులకు చోటు దొరకదు. ఆ పల్లె పడుచువాళ్లలో ఒకడైన పెరిన్ ఐదో భాగంలో అసలు కనిపించడు. ఎనిమిదో భాగంలో వాళ్లలోనే ఇంకొకడైన మ్యాట్ లేడు, ఏడో భాగం చివర అతన్ని ఎలాంటి స్థితిలో వదిలారో చదివినవాళ్లకు అది ఎంత మంట పుట్టిస్తుందో చెప్పక్కర్లేదు. ఎనిమిదో భాగం చివర మొదలైన ఒక బందీ కథ పదకొండో భాగంలో గానీ తెగదు. 1998లో చదివినవాళ్లు దానికోసం 2005 దాకా ఎదురుచూశారు.

పదో భాగం ఇంకా వేరు. తొమ్మిదో భాగం చివర లోకాన్నే మార్చేసే పని ఒకటి జరుగుతుంది. పదో భాగంలో చాలాసేపు ఆ పని జరిగిన రోజునే వేరే వేరే ఊళ్లలో వేరే వేరే మనుషులు ఏం చేస్తున్నారో, దూరాన వెలుగునో అలజడినో ఎలా పసిగట్టారో చూపిస్తాడు. మళ్లీ పుట్టిన ఆ యోధుడు, కథానాయకుడు ర్యాండ్ కనిపించేది కొద్ది పేజీలే. ఇన్ని పేజీల పుస్తకంలో కాలం ముందుకు నడవకపోవడం రచయిత లెక్క తప్పడమే. ఎంత అభిమానమున్నా దీన్ని వెనకేసుకు రాలేం.

రెండో పెద్ద ఫిర్యాదు, చెప్పిందే చెప్పడం. అదే పల్లె నుంచి వచ్చిన నైనీవ్ జడ లాక్కుంటుంది. ఆడవాళ్లు కుచ్చిళ్లు సవరించుకుంటారు, ముక్కుతో చప్పుడు చేస్తారు. ఆడవాళ్లు అర్థం కారని మగవాళ్లు, మగవాళ్లకు బుద్ధి లేదని ఆడవాళ్లు భాగం భాగానికీ అనుకుంటారు. ప్రతి పుస్తకంలో పాత మనిషిని మళ్లీ మొదటిసారిలా పరిచయం చేస్తాడు. దీనికి కారణముంది. ఒగ్గు కథ రాత్రంతా సాగేటప్పుడు పక్కనున్నాయన అడగడం, అసలు కథకుడు జరిగింది మళ్లీ అందుకోవడం మన ఊళ్లలో అందరూ చూసిందే. నడుమ కునుకు తీసి లేచినవాళ్లకు అది కావాలి. ఆరో భాగం దాటాక జోర్డన్ పాఠకులు పుస్తకానికీ పుస్తకానికీ సుమారు రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి ఆగినవాళ్లు. వాళ్లకు పనికొచ్చిన ఆ గుర్తుచేయడమే, ఇప్పుడు వరసపెట్టి చదివేవాళ్లకు గొంతుదాకా వస్తుంది. అందుకే ఏడు నుంచి పది దాకా ఒక్కో భాగానికి నడుమ మూడు నాలుగు వారాలు వేరే ఏదైనా చదవడం మంచిది. విరామం ఇస్తే అవే పేజీలు అంతగా విసిగించవు. ర్యాండ్‌ను ముగ్గురు ఆడవాళ్లు ప్రేమించే వరసకు మాత్రం ఏ విరామమూ పనిచేయదు. అది సిరీస్ అంతటా బలహీనంగానే ఉంటుంది.

ఆ నాలుగు భాగాల్లో ఏం దాటేయొచ్చంటే, పదో భాగంలో సింహాసనం కోసం దొరల మద్దతు కూడగట్టే అధ్యాయాలు, పెరిన్ శిబిరపు అధ్యాయాలు పైపైన చదివినా కథ తెగదు. మ్యాట్ అధ్యాయాలు మాత్రం వదలొద్దు, పదకొండులో ఫలించేవన్నీ అక్కడే నాటాడు. తొమ్మిదో భాగపు ఆఖరి అధ్యాయం నిదానంగా చదవాలి. పదో భాగం మొత్తాన్ని మానేసి ఇంటర్నెట్‌లో సారాంశం చదువుకున్నా తప్పేమీ లేదు. అయితే సారాంశం కోసం అధ్యాయాలవారీగా ఇచ్చే పేజీలే తెరవాలి. పాత్ర పేరు కొట్టి వెతికితే ఆ పేరు పక్కనే చావు సంగతి ముందు కనబడుతుంది. పదకొండో భాగంలో మాత్రం జోర్డన్ పాత వేగం అందుకున్నాడు. ముడులు ఒక్కొక్కటే తెగుతుంటాయి, అక్కడిదాకా ఓపిక పట్టినందుకు సంతోషం కలుగుతుంది.

పేర్ల కోసం ఒక నోటుబుక్కు తప్పనిసరి. అందరినీ రాయనక్కర్లేదు. శక్తి తెలిసిన స్త్రీల సంఘంలో ఏడు రంగుల శాఖలున్నాయి, ఒక్కో రంగుకు ఒక్కో పేజీ పెట్టి కొత్త పేరు రాగానే దాని కింద వేసుకోవాలి. ప్రధాన శత్రువులు 13 మంది, వాళ్లు మారుపేర్లతో తిరుగుతారు కనుక వాళ్లకు విడిగా రెండు పేజీలు. ఏ రహస్యం ఎవరికి తెలుసో ఇంకో పేజీ. సగం గొడవలు పక్కవాడికి తెలిసింది వీడికి తెలియకపోవడం వల్లే. పుస్తకం చివరి గ్లాసరీలో, అంటే పేర్లూ మాటల పట్టికలో, ఉచ్చారణలున్నాయి. మూడో భాగం చదువుతూ పదో భాగం గ్లాసరీ మాత్రం చూడొద్దు. పూర్వకథ వరసలో ముందు కదా అని ముందు చదివితే మొదటి భాగాల్లోని గుట్లు విప్పేస్తుంది. అది వచ్చిన వరసలోనే, పది అయ్యాక చదవాలి.

తెలుగు అనువాదం లేదు, ఇంగ్లీషులోనే చదవాలి. భాష కష్టమైనది కాదు కానీ బట్టలు, గుర్రాలు, ఆయుధాల మాటలు మొదటి 200 పేజీలు ఇబ్బంది పెడతాయి. హనుమకొండ చౌరస్తా చుట్టూ ఉన్న షాపుల్లో ఎక్కువగా పరీక్షల పుస్తకాలే ఉంటాయి, కాబట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదంటే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు పోవాలి. ముందు మూడు కొనండి. నాలుగు, ఐదు, ఆరు తర్వాత. ఆ పైన మనసును బట్టి. ఫుట్‌పాత్ మీద కొత్తగా మెరిసే చవక కాపీ దొరికితే మ్యాప్ తెరిచి చూడాలి. ఊళ్ల పేర్లు అలుక్కుపోయి, కాగితం అవతలి అక్షరాలు కనబడితే అది నకిలీ ముద్రణ. వాటిలో పేజీలు ఎగిరిపోవడం, ఒకే పేజీలు రెండుసార్లు రావడం మామూలు. పాత పుస్తకమైతే చివరి 30 పేజీలు లెక్కపెట్టి తీసుకోండి, ముందు ఊడేవి అవే.

పేపర్‌బ్యాకులు చాలావరకు 600 నుంచి 1,000 పేజీల లావు, జిగురు బైండింగు. నేరుగా మధ్యలో తెరిస్తే వెన్ను విరుగుతుంది. వెన్ను బల్లమీద ఆనించి, అట్టలు రెండూ కిందికి వంచి, ముందు నుంచి 30 పేజీలు, వెనక నుంచి 30 పేజీలు మార్చి మార్చి ఒత్తుకుంటూ మధ్యకు రావాలి. రామగుండం, వరంగల్ మే ఎండల్లో బండి డిక్కీలోనో మూసిన కారులోనో వదిలేస్తే జిగురు మెత్తబడి పేజీలు గుత్తులుగా వస్తాయి. వానకాలంలో అల్మారాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి, చెద పట్టేది గోడవైపు నుంచే.

ఆడియో పుస్తకం మంచి మార్గం. మైకేల్ క్రామర్, కేట్ రీడింగ్ దంపతులు చదివారు, మగ పాత్రల వైపు అధ్యాయాలు ఆయన, ఆడ పాత్రలవి ఆమె. ఉచ్చారణ బెడద తీరుతుంది, సింగరేణి షిఫ్టు బస్సులో కళ్లు మూసుకుని వినొచ్చు. నాలుగో భాగం 40 గంటల పైనే. 64 కేబీపీఎస్ నాణ్యతలో ఫోనులో ఒక జీబీ దాటుతుంది. పుస్తకానికి బదులుగా టీవీ సిరీస్ చూద్దామనుకుంటే, 2021లో మొదలైన ఆ సిరీస్‌ను మూడు సీజన్ల తర్వాత 2025లో ఆపేశారు. నాలుగో భాగం కథ దగ్గరే అది నిలిచిపోయింది.

శాండర్సన్ మూడు భాగాలు వేగంగా నడుస్తాయి. వర్ణన తగ్గి, అధ్యాయాలు పొట్టివై, పని జరుగుతుంది. పన్నెండులో మ్యాట్ మాటతీరు తేడా కొడుతుంది, హాస్యం కోసం ప్రయత్నం కనబడుతుంది, పదమూడులో సర్దుకుంటుంది. కానీ పన్నెండు చివర ర్యాండ్ ఒక్కడే కొండ మీద నిలబడిన అధ్యాయం, ఇన్ని పుస్తకాల బరువునూ ఒక్కచోట దింపుతుంది. ఆ అధ్యాయం చదివాక శాండర్సన్ మీద నమ్మకం కుదురుతుంది.

ఆఖరి పుస్తకంలో ఆఖరి యుద్ధం ఒకే అధ్యాయం, సుమారు 79,000 పదాలు, మామూలు నవల అంత. మధ్యలో ఆపడానికి వీలైన చోటు కూడా సరిగా లేదు. ట్రైనులో మొదలుపెట్టొద్దు, సెలవురోజు పొద్దున్నే కూర్చోవాలి. దాని తర్వాతి ఎపిలోగ్‌లో చివరి దృశ్యం జోర్డన్ చనిపోకముందే రాసిపెట్టుకున్నది. గ్లాసరీ ఆ పేజీలకు వెనకాలే ఉంటుంది. అందుకని 14వ భాగం చేతికి రాగానే, చదవకముందే, గ్లాసరీ మొదటి పేజీకి ఒక చీటీ అంటించి పెట్టుకోండి. పేరు వెతికిన ప్రతిసారీ అక్కడికే నేరుగా తెరవొచ్చు.