పోచంపల్లి వెళ్తున్నారా? 'ఫ్రీగా మగ్గం చూపిస్తా' అనేవాళ్లతో జాగ్రత్త

రెండు రోజుల్లో రెండోసారి పోచంపల్లి వెళ్లి ఇప్పుడే ఇంటికొచ్చా. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

ఊరి గురించి కొత్తగా చెప్పేదేముంది, మనవాళ్లంతా చూసిందే. నిన్న ఆదివారం కదా అని పొద్దున్నే బయల్దేరాం. వినోబా మందిరం చూశాం, ఒకింట్లో ఒకావిడ ఆసు పోస్తుంటే, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పుతుంటే, కాసేపు కూర్చున్నాం. ఒక్క చీరకు నాలుగైదు గంటలు అలా చెయ్యి ఆడిస్తూనే ఉండాలట. ఆవిడ చూపించిన పట్టుచీర 12 వేలంది. నేను 8 వేలకు అడిగి, ఇవ్వనంటే లేచొచ్చేశా. ఇది గుర్తుపెట్టుకోండి.

బయటికి రాగానే ఒక కుర్రాడు తగులుకున్నాడు. "మేడమ్, మగ్గం చూపిస్తా, ఫ్రీ, కొననక్కర్లే." మా ఆయన వద్దంటూనే ఉన్నారు. వింటేగా!

షాపు ముందుగదిలో మగ్గం ఉంది. దాని మీది పడుగు (నిలువు దారాలు) దుమ్ముపట్టి ఉందని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడేమో పక్కన నిలబడి ఫోటో దిగా. "ప్యూర్ పట్టు, డబుల్ ఇక్కత్, మా మగ్గం మీదే నేసినం" అని షాపాయన 9,500 తీసుకున్నాడు. డబుల్ ఇక్కత్ అంటే నిలువు, అడ్డం దారాలు రెండింటికీ ముందే డిజైన్ రంగు అద్ది నేసేది. ఫోన్‌పే వద్దు, క్యాషే కావాలన్నాడు. అప్పుడూ నాకు వెలగలేదు.

రాత్రి చీర తిరగేస్తే లోపలి వైపంతా వెలిసినట్టుంది. దారానికే చిటికి కట్టి (అక్కడక్కడా బిగించి కట్టి) రంగు అద్ది నేస్తే డిజైన్ రెండు వైపులా ఒకేలా రావాలి కదా. ఇది ప్రింటు! కొంగు చివర పోగు లాగి కాల్చా. పట్టయితే జుట్టు కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య నలగాలి. ఇదేమో కరిగి నల్లపూసలా గట్టిపడింది. ఇల్లంతా ప్లాస్టిక్ కంపు.

ఇవాళ సెలవు పెట్టి మరీ వెళ్లా. నిన్న "అక్కా, అక్కా" అని టీ తెప్పించినాయన కుర్చీలోంచి లేవలేదు. చీర ముట్టుకోలేదు. నిన్న బిల్లంటూ వాళ్లిచ్చిన చీటీ చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "దీని మీద మా షాపు పేరేది? ఇది మా చీరే అని ఏం గ్యారంటీ? చదువుకున్నోళ్లు, చూస్కొని కొనాలె గదమ్మా" అన్నాడు. నిజమే, చీటీ మీద 'చీర 1, 9,500' అని తప్ప ఏమీ లేదు. నోట మాట రాలేదు నాకు. అదే సమయానికి ఆ కుర్రాడు ఇంకో కుటుంబాన్ని లోపలికి తీసుకొస్తున్నాడు. "అక్కా, రండి, మగ్గం చూడండి" అని ఈయన లేచి నిలబడ్డాడు, నేనక్కడే ఉండగానే!

1951లో వినోబా భావే అడిగితే ఆ ఊళ్లో రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు భూదానం చేశారు. నేను 9,500 ధనదానం చేసొచ్చా. నా పేరు కూడా ఎక్కడైనా చెక్కిస్తారేమో కనుక్కోవాలి.

వెళ్లేవాళ్లు చీర తిరగేసి చూడండి, సిల్క్ మార్క్ (అసలు పట్టని చెప్పే ముద్ర) అడగండి, షాపు పేరున్న బిల్లు లేకుండా పైసా ఇవ్వకండి. వీలైతే నేసేవాళ్ల ఇంట్లోనే కొనండి. ఇవాళ వచ్చేటప్పుడు ఆసు పోసే ఆవిడ ఇంటి ముందునుంచే వచ్చా. గుమ్మంలో కూర్చుని ఉంది. గుర్తుపట్టి నవ్వింది. నేను తల తిప్పుకుని వచ్చేశా.