మడ్‌గార్డు ఇనుపదా, ప్లాస్టిక్‌దా? ముందు చక్రాన్ని చూసి తేల్చుకోండి

మృగశిర కార్తె రాగానే సైకిల్ స్టాండు దగ్గర నన్ను ఆపి అడిగే మాట ఒకటే: "అన్నా, మడ్‌గార్డు ఇనుపది ఏయించాల్నా, ప్లాస్టిక్‌దా?" ఈ ఏడు రెండు వానలు పడకముందే నలుగురు అడిగారు. నేను పానగల్ నుంచి నల్లగొండ క్లాక్ టవర్ దాకా రోజూ సైకిలు మీదే వచ్చిపోతాను. పన్నెండేళ్లు ఇనుప మడ్‌గార్డుల నల్ల సైకిలు తొక్కి, రెండేళ్ల కింద గేర్ల సైకిలుకు మారాను. రెండు రకాలూ ఈ బురదలోనే వాడాను కాబట్టి, తెలిసింది ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అడిగేవాళ్లందరి మనసూ వెనక మడ్‌గార్డు మీదే ఉంటుంది. వీపు మీద బురద చార ఆఫీసులో నలుగురికీ కనబడుతుంది, అదీ బాధ. నేను మాత్రం ముందుదాన్ని చూడమంటాను. ముందు టైరు నేలను వదిలి పైకి లేచేచోట నీళ్లు ఏటవాలుగా వెనక్కు కొడతాయి. అవి పోయి పడేది మన చెప్పుల మీద, పెడళ్ల మధ్య ఇరుసు మీద, చైన్ మీద. వీపు మీది చార ఉతికితే పోతుంది. చైన్‌లో చేరిన ఇసుక నూనెతో కలిసి, ఆకురాయి పెట్టి రాసినట్టు లింకులను అరగదీస్తుంది. నల్ల సైకిలుకు చైన్‌ను కప్పే కవర్ ఉండేది కాబట్టి ఈ సంగతి నాకు అన్నేళ్లూ తెలియలేదు. గేర్ల సైకిలుకు చైన్ అంతా బయటే. మడ్‌గార్డుల్లేకుండా తొక్కిన మొదటి వానకాలం అయిపోయేసరికి చైన్ సాగిపోయింది, దాంతోపాటు ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాలు) కూడా మార్చాల్సి వచ్చింది.

కాబట్టి ఇనుపదైనా ప్లాస్టిక్‌దైనా ముందుది ఎంత కిందికి దిగుతుందో చూడండి. చక్రం ఇరుసు ఎత్తులోనే ఆగిపోయేదైతే, ఎంత నున్నగా మెరిసినా చెప్పులు తడవక మానవు. నేలకు బెత్తెడు ఎత్తు దాకా దిగాలి. గట్టి ప్లాస్టిక్ అంత కిందికి వస్తే స్పీడ్ బ్రేకరుకు తగిలి విరుగుతుంది. అందుకే చివర మెత్తటి రబ్బరు ముక్క వేలాడదీయాలి. నాకు ఈ ముక్క వేసింది మా పంక్చర్ షాపు చిచా. లారీ ట్యూబు ముక్కను సబ్బుపెట్టె మూతంత వెడల్పున పైన సన్నగా, కింద కొంచెం వెడల్పుగా కోశాడు. మేకు కాల్చి రెండు బొక్కలు పొడిచాడు. లోపలి వైపు పెద్ద వాచర్లు వేసి బోల్టు బిగించాడు. "వాచర్ లేకుంటే రబ్బర్ చీరుతది సారూ" అన్నాడు. నిజమే, వాచర్లు పెట్టకుండా సొంతంగా బిగించుకున్న మా తోటి ఉద్యోగి ముక్క వారంలో ఊడిపోయింది. చిచా ముక్క వేసిన రోజు నుంచి నా చెప్పులు పొడిగా ఉంటున్నాయి, వానకాలంలో రెండు రోజులకోసారి తుడిచే చైన్‌ను ఇప్పుడు వారానికోసారి తుడుస్తున్నాను.

ఇంకొకటి మన నేలల సంగతి. చెల్క మట్టి బురద కడిగితే జారిపోతుంది. నల్లరేగడి అట్లా కాదు, తడిస్తే ఉబ్బి బంకలా పట్టుకుంటుంది. నాటు పనుల రోజుల్లో పొలం కరిగెట (దమ్ము) చేసి వచ్చే ట్రాక్టర్లు ఆ బురదను తెచ్చి తారు రోడ్డు మీదే పరుస్తాయి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు తక్కువైతే ఆ బురద లోపలే గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. గేర్ల సైకిలుకు మొదట మడ్‌గార్డులు కొన్నప్పుడు షాపులో టైరుకు అంటుకున్నట్టు, చూడ్డానికి అందంగా బిగించి ఇచ్చారు. ఒక ముసురు రోజు సాయంత్రం చెరువు కట్ట దాటాక చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గోకుతూ, పదేసి అడుగులు నడిపించుకుంటూ ఇల్లు చేరేసరికి చీకటి పడింది. తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు సెంటీమీటరు సందు చాలు. ఊరి దారి ఒక్క కిలోమీటరున్నా సెంటీమీటరున్నర వదలండి. వెడల్పు విషయంలో, 35 మిల్లీమీటర్ల టైరుకు 45 మిల్లీమీటర్ల మడ్‌గార్డు సరిపోతుంది. టైరు ఎంతో మడ్‌గార్డూ అంతే ఉంటే పక్కల నుంచి చిమ్ముతుంది.

ఇక అసలు ప్రశ్న. ఇనుపది మొండిది. పడితే వంగుతుంది, సుత్తితో నాలుగు దెబ్బలేస్తే మళ్లీ దారికొస్తుంది. ఏ చిన్న ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. కానీ లోపలి వైపు తడి మట్టి నిలిచి రివెట్ల దగ్గర తుప్పు మొదలవుతుంది, పైనుంచి కనబడదు. నట్లు వదులైతే గడగడ మోత. బరువు సంగతి చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్‌ది తేలిక, తుప్పు లేదు, చప్పుడూ తక్కువే. దాని శత్రువు మన మే నెల ఎండ. 44 డిగ్రీల్లో రోజంతా నిలబెడితే నాసిరకం ప్లాస్టిక్ పెళుసుబారి బోల్టు చుట్టూ పగులుతుంది. కొనేటప్పుడు అంచును వేళ్లతో నొక్కి చూడండి. వంగి వెనక్కు వస్తే తీసుకోవచ్చు, తెల్లటి గీత పడితే వద్దు. చైన్ కవర్ ఉన్న నల్ల సైకిలుకు ఇనుపదే ఉంచుకోమంటాను, మార్చాల్సిన పనిలేదు. గేర్ల సైకిలుకైతే నా ఓటు, పట్టి ఉంచే ఇనుప కడ్డీలతో పూర్తి పొడవుండే ప్లాస్టిక్‌దానికే.

బిగించేటప్పుడు ఏ నట్టూ మొదటే పూర్తిగా బిగించకండి. అన్నీ వదులుగా ఎక్కించి, చక్రం తిప్పి, సందు చుట్టూ ఒక్కలాగే ఉందని చూశాకే పానా పట్టండి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల గొట్టం) దగ్గర సందు చాలకుంటే రెండు వాచర్లు కలపండి. కడ్డీలు బిగించే బొక్కలు ఫ్రేముకు లేకపోతే, పాత ట్యూబు ముక్క చుట్టి పైపు క్లిప్పుతో పట్టించవచ్చు. డిస్క్ బ్రేకు కడ్డీకి అడ్డమొస్తే కొంచెం పొడవు బోల్టు, మధ్యలో చిన్న పైపు ముక్క చాలు. మామూలు నట్లు గతుకులకు వదులవుతాయి, లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు అడగండి.

ముందు కడ్డీల దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి. పత్తి కట్టె లాంటి పుల్ల టైరుతో పాటు మడ్‌గార్డులోకి దూరిందంటే, మడ్‌గార్డు ముడుచుకుని ముందు చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. లాగితే ఊడివచ్చే ప్లాస్టిక్ క్లిప్పులున్న కడ్డీలు దొరుకుతాయి, ముందుదానికి అవే తీసుకోండి. ఇంట్లో పిల్లలు తొక్కే సైకిలుకైతే మరీ అవసరం.

సీటు కింద తగిలించే తోకల్లాంటివి వీపును కొంత కాపాడతాయి, చైన్‌కు ఏమీ చేయవు. షాకప్ ఫోర్కుల సైకిళ్లకు ముందు పూర్తిది పట్టడం కష్టం కాబట్టి ఫ్రేము కింది గొట్టానికి కట్టే పలకతో సర్దుకోవాలి. దానికీ ఒక రబ్బరు ముక్క తగిలిస్తే కొంత మేలు.

వానకాలం అయ్యాక విప్పేయాలా అని కూడా అడుగుతున్నారు. నేను విప్పను. విప్పి బిగించిన ప్రతిసారీ బొక్కలు వదులవుతాయి. పైగా ఏప్రిల్‌లో గాలిదుమారంతో వచ్చే వాన చెప్పి రాదు, నీళ్ల ట్యాంకరు పోయిన దారికి ఏ కాలమైనా ఒకటే. ఎండాకాలంలో సైకిలును వేప చెట్టు నీడకు జరిపి, నెలకోసారి నట్లు ఒక చుట్టు చూసుకుంటున్నాను. మొన్న ఆదివారం చూస్తే ముందు కడ్డీ నట్టు అర చుట్టు వదులై ఉంది.