అమ్రాబాద్ అడవిలో సీతాకోకచిలుకల నడక: సమీక్ష

హైదరాబాదు–శ్రీశైలం రహదారి మీదున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, సందర్శకులకు అనుమతి ఉన్న చోట్లకే పరిమితమై, నగరానికి చెందిన ఒక చిన్న బృందం వానలు వెనకబట్టిన తరువాత ఒకరోజు సీతాకోకచిలుకల నడకను నిర్వహిస్తోంది. పులి కనబడుతుందని ఆశ పెట్టకుండా, వాగు, కొండవాలు, ఊరి పొలిమేర అనే మూడు తావులను ఒకే రోజులో పోల్చి చూపిస్తామనడం నచ్చి నేను రుసుము కట్టాను. పోలిక చక్కగా కుదిరింది గానీ, రోజును నడిపిన తీరులో మాత్రం లోపాలున్నాయి.

అన్నింటికన్నా విలువైనది కొండవాలు నడక. మార్గదర్శకుడు రెక్కల వెంట పరుగెత్తించకుండా ముందు చెట్టును చూడమన్నాడు. బీడీ ఆకు కోసం మనకు తెలిసిన తునికి చెట్టే బారొనెట్ గొంగళిపురుగుకు ఆహారం కాబట్టి, నారింజ రంగులో మెరిసే ఆ సీతాకోకచిలుకను తునికి ఉన్న ఎండుటడవిలో వెతకాలి. రేల చెట్టు దగ్గర కామన్ ఎమిగ్రెంట్ గుడ్లు పెడుతుంది. ఈశ్వరి తీగ మీద పెరిగే క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక ఆ తీగలోని విషాన్ని ఒంట పట్టించుకుంటుంది, అందుకే పక్షులు దాని జోలికి పోవు. ఏ విషమూ లేని కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం దాని వేషంలోనే తిరుగుతాయి. రెండూ ఒకే పొద మీద వాలినప్పుడు రెక్కలను కాక ఒంటిని చూడమన్నాడు: క్రిమ్సన్ రోజ్ ఒళ్లు ఎర్రన, మార్మన్ ఒళ్లు నల్లన. ఆ ఒక్క పాఠానికే సగం రుసుము చెల్లిపోయింది.

వాగు తావుగా చూపిన మల్లెలతీర్థం జలపాతం దగ్గర తడి ఇసుక మీద ఎమిగ్రెంట్లు, కామన్ జే అనే సీతాకోకచిలుకలు గుంపుగా కూర్చుని తొండాలు దించి నీరు పీలుస్తూ, మరోవైపు నుంచి చుక్కచుక్కగా విడిచిపెడుతున్నాయి. వాటికి కావలసింది నీరు కాదు, అందులోని ఉప్పు. అలా మూగేవి దాదాపు అన్నీ మగవే, కూడబెట్టిన ఉప్పులో కొంత జతకట్టినప్పుడు ఆడదానికి చేరుతుంది. అయితే మమ్మల్ని పొద్దున్నే అక్కడికి దించారు. లోయలోకి ఎండ దిగనిదే, రెక్కలు వేడెక్కనిదే సీతాకోకచిలుక ఎగరదని తెలిసినవారే ఇలా ఏర్పాటు చేయడం విచిత్రం. ముందు పొలిమేర, తరువాత కొండవాలు, ఎండెక్కాక వాగు అన్న వరుస పెట్టుకుంటే ఆ నిరీక్షణ తప్పేది.

ఊరి పొలిమేరలో జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలు, నేలబారు మొక్కల మీద వేలిగోరంత గ్రాస్ జ్యువెల్‌లు లెక్కకు ఎక్కువే కనబడ్డాయి, కానీ వాటిలో చాలావరకు నగరంలోని ఖాళీ స్థలాల్లోనూ దొరికేవే. సంఖ్యను చూసి పొలిమేరే గొప్పదని తోటివారు కొందరు అనుకున్నారు; బారొనెట్‌ను అక్కడ ఎవరూ చూడలేదు. లాంటానా పూల మీద మూగిన వాటిని చూపిస్తూ మార్గదర్శకుడు ఆ కంపను మెచ్చుకోవడం నాకు రుచించలేదు. అది తేనె ఇస్తుంది, నిజమే. కానీ దాని కింద గొంగళిపురుగులు తినే స్థానిక మొక్కలు లేవలేవు.

ఫర్హాబాద్ వైపు వాహన యాత్రను కార్యక్రమంలో కలపడం అనవసరం. అడవిలో బండి దిగకూడదన్న నియమం సబబే, కానీ కదిలే బండిలోంచి సీతాకోకచిలుకను గుర్తించడం ఎవరి తరమూ కాదు. బృందం కూడా ఇరుకు దారికి మించినది. పెద్ద కెమెరాలవారు ముందు నిలిస్తే వెనకవారికి వారి వీపులే కనబడ్డాయి. చేతికిచ్చిన జాబితాలో పేర్లు కుటుంబాల వారీగా ఉన్నాయే తప్ప ఏది ఏ తావులో దొరుకుతుందో లేదు, తావుల పోలికే సరుకుగా అమ్ముతున్న కార్యక్రమానికి ఇది చిన్న లోపం కాదు.

మొక్కల మీద ఆసక్తి ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. ఫోటోల కోసమే వెళ్లేవారు బృందం ఎంతమందో ముందే అడగడం మంచిది. మల్లెలతీర్థం మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి, ముఖ్యంగా తిరుగు ప్రయాణంలో, కష్టం. బైనాక్యులర్లు తీసుకెళ్లేవారు రెండు మీటర్ల దూరంలోని వస్తువు కూడా స్పష్టంగా కనబడే రకాన్నే ఎంచుకోవాలి.