డైవ్ అదిరింది, బోటు సర్వీసుకి మాత్రం 3 స్టార్లే

సముద్రంలో పగడాల గోడ వెంట స్కూబా డ్రిఫ్ట్ డైవ్, ఒకే ట్రిప్పులో రెండు. ముందు మంచి చెప్తా. కరెంటే (షాక్ కొట్టేది కాదులెండి, నీటి వడి) మనల్ని మోసుకుపోతుంది, కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ ఆడించే పని దాదాపు ఉండదు, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే చెట్లు వెనక్కి పోయినట్టు గోడంతా పక్కనుంచి జరిగిపోతుంటుంది, కిందకి చూస్తే ఒట్టి నీలం, అడుగే లేదు, నాకైతే మొదట కళ్ళు తిరిగినంత పనైంది.

22 మీటర్ల దగ్గర పెద్ద పెద్ద విసనకర్రల్లాంటి సీ ఫ్యాన్లు (ఓ రకం పగడాలే), అన్నీ కరెంటుకి అడ్డంగానే పెరిగాయ్, కొట్టుకొచ్చే ప్లాంక్టనే కదా వాటి తిండి. ఒకటి బూడిద రంగులో డల్‌గా ఉందేంటా అని టార్చ్ కొడితే పండుమిరపకాయంత ఎరుపు! నీళ్ళు ముందు మింగేసేది ఎరుపునే, టార్చ్ లేకుండా పోకండి.

ఇక కంప్లైంట్. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో చుట్టేశారు, విడిపోతే ఏం చెయ్యాలన్న ముక్కే లేదు, వాళ్ళ తరఫున పైకి వదిలితే మనం ఎక్కడున్నామో బోటుకి చూపించే బెలూన్, అదే ఎస్‌ఎంబీ, గైడ్ దగ్గర ఒక్కటే. గోడ మలుపు వెనకాల నీళ్ళు కాస్త నిలకడగా ఉంటే నేనూ మా బడ్డీ (నా జోడీ డైవర్) పీపా ఆకారంలో ఉండే సముద్రజీవి, ఓ బారెల్ స్పాంజ్‌కి ఫొటో తీద్దామని ఆగాం, తిరిగి చూస్తే గ్రూపు లేదు, గైడ్ లేడు. నిమిషం వెతికి పైకి బయల్దేరాం. 5 మీటర్ల దగ్గర ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి 3 నిమిషాల సేఫ్టీ స్టాప్, పట్టుకోడానికి తాడు కూడా లేదు, ఆ నీలంలో వేలాడుతూ కళ్ళన్నీ లోతూ టైమూ చూపించే డైవ్ కంప్యూటర్ మీదే. నా సొంత ఎస్‌ఎంబీ వదిలా కాబట్టి సరిపోయింది గానీ అలల మధ్య మన తల కొబ్బరికాయంత కూడా కనపడదు, అయినా పావుగంట తేలాక వచ్చింది బోటు. పైగా "ఇది మామూలే" అని నవ్వులు!

గట్టిగా అడిగాక రెండో డైవ్‌కి ప్రతి జంటకీ ఎస్‌ఎంబీ బయటకొచ్చింది, అంటే బోటులో ఉన్నాయన్నమాట. ఓ ట్యాంకులో గాలి నిండుగా లేక ప్రెషర్ 170 బారే ఉంటే మార్చారు, గాలి పీల్చుకునే రెగ్యులేటర్లు బానే ఉన్నాయ్. ఈసారి బోటు మా బుడగల వెంటే వచ్చింది. మధ్యలో తాబేలొకటి ఎదురొచ్చింది, మేం ఆగుదామన్నా ఆగలేక కొట్టుకుపోతుంటే అది మాత్రం తాపీగా ఎదురీదుకుంటూ మమ్మల్ని దాటేసి పోయింది.