15కీ 18కీ మధ్య ఇరుక్కున్న రోడ్ సైకిల్

నెల్లూరు చుట్టుపక్కల వేగంగా తొక్కడానికి రోడ్ సైకిల్ కొనబోతున్నారా? ఫ్రేమ్ బరువు, డిస్క్ బ్రేకులు తర్వాత చూద్దురు గానీ, ముందు వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రం ఇరుసు మీదున్న పళ్ళ చక్రాల గుత్తిలో, ఎన్నెన్ని పళ్ళ చక్రాలున్నాయో అడిగి రాసుకోండి. డెబ్బై వేల చిల్లర పెట్టి కొన్న 8 స్పీడ్ల (వెనక ఎనిమిది పళ్ళ చక్రాలున్న) సైకిల్‌ని రెండేళ్ళకు పైగా తొక్కుతున్నాను. దాని మీద నాకున్న కోపమంతా అక్కడే.

ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనక 11 పళ్ళ నుంచి 32 పళ్ళ దాకా. షాపులో వింటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. విడదీసి చూస్తే వెనక వరస ఇది: 11, 13, 15, 18, 21, 24, 28, 32. 15 తర్వాత ఏకంగా 18. ఎక్కుడూ దిగుడూ ఉన్న ఊళ్ళో ఇది ఎవరికీ పట్టదు, ఎలాగూ క్షణానికో గేరు మారుస్తారు. మనది చదును నేల. గంటసేపు ఒకే వేగంలో పోతాం. ముందు పెద్ద చక్రం మీద నిమిషానికి 90 సార్లు తొక్కితే 18తో గంటకు 32 కిలోమీటర్లు, 15తో దాదాపు 39 వస్తుంది. మా గుంపు మైపాడు రోడ్డులో పోయేది సరిగ్గా ఆ మధ్యన, 34 కిలోమీటర్ల దగ్గర. అక్కడ 18లో ఉంటే కాళ్ళు 95 తిరగాలి, 15లో ఉంటే 79కి పడిపోతాయి. ఒకదాంట్లో ఊపిరి పోతుంది, ఇంకోదాంట్లో మోకాళ్ళు పోతాయి.

ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటల మధ్య గాలి లేని చలికాలపు పొద్దున ఈ బాధ ఇంకా బాగా తెలిసేది. గుంపు వరసలో ముందుండి తొక్కే వంతు నాకొచ్చేసరికి 15, 18, మళ్ళీ 15 అని టకటకా కొట్టుకుంటూ ఉండేవాణ్ణి. గేరు మారినప్పుడల్లా వేగం ఓసారి తగ్గి, ఓసారి పెరిగేది. వెనకున్న కుర్రాడు విసుక్కుని, "ఏందినా, ఒక గేరులో ఉండకూడదా?" అన్నాడు. ఉండటానికి నాకు గేరే లేదు!

చివరికి 17 పళ్ళ చక్రం కూడా ఉన్న 12–25 క్యాసెట్ చెన్నై నుంచి తెప్పించాను. మెకానిక్ దాన్ని చేతిలో తిప్పి చూసి, "అందరూ పెద్ద చక్రం కావాలంటారు, మీరు ఉన్న 32 తీసేసి 25 వేయమంటారేంది సార్?" అన్నాడు. అయినా ఓపిగ్గా చేశాడు. పాత చైను సాగి ఉంది, కొత్త పళ్ళ మీద జారుతుందని కొత్తది వేశాడు. పెద్ద చక్రం చిన్నదైంది కాబట్టి చైను రెండు లింకులు తగ్గించాడు. చైనుని ఒక చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే డీరైలర్ వెనక స్క్రూ తిప్పి, దాని పై పుల్లీని (చైను తిరిగే చిన్న చక్రాన్ని) పళ్ళకు దగ్గరగా జరిపాడు. గేరు మార్చే షిఫ్టర్లు, కేబుళ్ళు ముట్టుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం మైపాడు వెళ్తూ 17లో వేశాను. 34 వేగం, కాళ్ళు 90. కోవూరు నుంచి వచ్చే మిత్రుడు పక్కకొచ్చి "ఏం మార్చావు?" అని అడిగాడు, నా భుజాలు ఊగడం ఆగిపోయిందట. సముద్రం కనిపించేదాకా గేరు మార్చాల్సిన పని పెద్దగా పడలేదు. కొత్త సైకిల్ కొన్నప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు నాకు. పెట్టిన ఖర్చు సైకిల్ ధరలో చిన్న వంతు. ఈ మాత్రం పని మనం కొనేటప్పుడే కంపెనీ వాళ్ళు అడిగి చేయొచ్చు కదా అని మాత్రం ఇప్పటికీ మంటగా ఉంది.

32 మిల్లీమీటర్ల టైర్లను నేను చాలామందికి పొగిడాను. హైవే అంచున కంకర మీద, పల్లె రోడ్ల గతుకుల్లో అవి ఇప్పటికీ హాయే. కానీ కంప ముల్లుకి టైరు వెడల్పుతో పనిలేదు. లోపల పంచరు ఆపే పొర గట్టిగా ఉన్న టైరు వేశాకే నాకు టెన్షన్ తగ్గింది. బ్రేకులు మంచివే, అయితే బీచ్‌కి వెళ్ళొచ్చాక కేబుళ్ళు తుడవకపోతే ఉప్పుగాలికి బిగుసుకుంటాయి.

మరి ఇదే సైకిల్ కొనమంటానా? నేను అరవై అయిదు కిలోలు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, వారం వారం తొక్కేది సముద్రం వైపే. రాపూరు నుంచి చిట్వేలి ఘాట్ ఎక్కేవాళ్ళకి, బరువున్నవాళ్ళకి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి 32 చక్రం ఉండాల్సిందే. 34–32లో (ముందు 34 పళ్ళు, వెనక 32) నిమిషానికి 60 తొక్కినా గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కిపోవచ్చు, 34–25లో అదే తొక్కుడికి 10 దాటాలి. ఇంకో పదో పదిహేనో వేలు పెట్టగలిగితే షిమనో కంపెనీ 9 స్పీడ్ల 11–32 క్యాసెట్ ఉన్నది చూడండి. అందులో 14, 16, 18 వరసగా ఉంటాయి, ఎక్కడానికి 32 కూడా ఉంటుంది. నాకు ఆ డబ్బు అప్పుడు లేదు. పాత క్యాసెట్‌నీ పాత చైన్నీ మాత్రం అమ్మలేదు. రెండూ కలిసి అరిగినవి కాబట్టి జతగా కట్టి దాచాను, ఘాట్ వైపు వెళ్ళేటప్పుడు వేయించుకుంటాను.