ఇంటికొచ్చి రక్తం తీస్కపోయే థైరాయిడ్ టెస్టు: కొన్నేండ్లు వాడినంక నా మాట

టీఎస్‌హెచ్ అంటే ఏంది, గోలీ పరగడుపున ఎందుకు వేస్కోవాలె, ఇవన్నీ ఇక్కడ ఇడమర్చి రాస్తలేను, నా లెక్క థైరాయిడ్ తక్కువుండి రోజు గోలీ వేస్కునేటోళ్లకు అవి నోటికొచ్చే ఉంటయి. నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. ఫోన్ల బుక్ చేస్తే ఇంటికొచ్చి శాంపిల్ తీస్కపోయే సర్వీసు ఉన్నది కదా, దాంట్ల రక్తం తీసే ముందు మనల్ని ఎవ్వరు ఏం అడగరు. ఏం గోలీలు వాడుతున్నవని ఒక్క మాట అడగరు. అట్ల అడగకపోవుడుతోని నాకు ఒక బతుకమ్మ పండుగ మొత్తం పోయింది, ఆ కోపం ఇంక తగ్గలే.

మొదట్ల ఈ సర్వీసును మా చుట్టాలందరికి నేనే చెప్పిన. ఎండకాలం హనుమకొండ చౌరస్తా దాక ఆటోల పోయి ల్యాబుల కూసునే పని లేదు, పొద్దున తీస్కపోతే సాయంత్రానికి రిపోర్టు ఫోన్ల ఉంటది, పాత నంబర్లన్నీ కలిపి గ్రాఫ్ గీసి చూపిస్తది. ఆ గ్రాఫ్ అంటే నాకు మస్తు ఇష్టం ఉండె. ఇప్పటికీ మంచిదే, కాకపోతే తప్పు నంబర్ వచ్చినా అది అంతే అందంగ గీస్తది.

అసలు సంగతికొస్త. నాకు ఎంట్రుకలు బాగ రాలుతున్నయని స్కిన్ డాక్టర్ దగ్గరికి పోతే బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల గోలీలు రాసిన్రు, రోజు టిఫిన్ తిన్నంక ఒకటి. మెడికల్ షాపుల చీటీ లేకున్నా ఇచ్చే గోలీలే అవి, దీంతోని రక్త పరీక్షకు లింకు ఉంటదని ఎవ్వరు అనలే, డబ్బా మీద కూడా నాకేం కనవడలే. కొన్నాళ్లకు ఎప్పటిలెక్కనే థైరాయిడ్ టెస్టు బుక్ చేసిన. పరగడుపు అక్కర్లేదని యాప్‌లనే ఉన్నది, పది గంటల స్లాట్ దొరికింది, టిఫిన్ చేసి ఎంట్రుకల గోలీ వేస్కొని కూసున్న. పిలగాడొచ్చిండు, పేరు, వయసు అడిగిండు, సూది కూడా నొప్పి లేకుంటనే పొడిచిండు, పోయిండు.

సాయంత్రం రిపోర్టుల టీఎస్‌హెచ్ 0.08, ఫ్రీ టీ4 మాత్రం హద్దు దాటి పైన. రెండు నంబర్లు ఎర్రగ. టీ4, టీ3 అంటే థైరాయిడ్ హార్మోన్లు, టీఎస్‌హెచ్ అంటే వాటిని తయారు చెయ్యమని థైరాయిడ్‌కు చెప్పే హార్మోన్; ఒంట్ల టీ4 ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతది, టీ4 తక్కువైతే పెరుగుతది. ఆ కాయితం చూసి మా డాక్టర్ సార్ థైరాయిడ్ గోలీ డోసు ఎక్కువైతున్నదని 100 మైక్రోగ్రాముల నుంచి 75కు దించిండు. సార్‌ను నేనేమనను, ఆ రెండు నంబర్లు పక్కపక్కన చూస్తే ఎవరైనా అదే అనుకుంటరు. కానీ హార్మోన్ ఎక్కువైతే గుండె దడ, చేతులు వణుకుడు, బరువు తగ్గుడు ఉండాలె కదా, నాకు వాటిల ఒక్కటి లేదు.

డోసు తగ్గినంక నెమ్మదిగ మొదలైంది. పొద్దుగాల లేస్తే కండ్ల కింద ఉబ్బు, గొంతు బొంగురువోయింది, వేలికి ఉన్న ఉంగరం సబ్బు పెట్టి తిప్పి తిప్పి తియ్యాల్సొచ్చింది, ఇంట్లందరు ఫ్యాన్ కింద పడుకుంటే నేను దుప్పటి కప్పుకున్న. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడికి పోయినం, తంగేడు, గునుగు పెట్టి బతుకమ్మ నేనే పేర్చిన, ఆడుదామంటే రెండు సుట్లు తిరిగేసరికి తొడలు రాళ్ల లెక్క బరువై పక్కకు పోయి కూసున్న. చిన్నప్పటి సంది నేను సద్దుల నాడు ఆడకుంట కూసున్నది అదొక్కటే.

మల్ల టెస్టు టైమైంది. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలు ఆగి చెయ్యాలె, టీ4 రక్తంల సగం తగ్గనీకే వారం దాక పడతది, అది ఒక లెక్కకు వచ్చి టీఎస్‌హెచ్ కుదురుకునేసరికి అంత టైం పడతది. అదే సర్వీసు, అదే పది గంటల స్లాట్, రిపోర్టుల మల్ల టీఎస్‌హెచ్ కిందనే, టీ4 పైననే! ఇగ 50కి దించాలె. నేను ఉబ్బిన చేతులు చూపెట్టి సార్, కాయితం ఒకటి చెప్తున్నది, నా పానం ఇంకోటి చెప్తున్నది అన్న. ఆయన జరసేపు నా మొఖం చూసి, డోసు ముట్టుకోకు, ఇంకో ల్యాబుల చేయించుకొని రా అన్నడు. ఆ మాటకు ఆయనకు దండం పెట్టాలె.

సుబేదారి దిక్కు గల్లీల ఒక చిన్న ల్యాబు ఉంటది, రెండు కుర్చీలు, ఒక బెంచి. అక్కడ పెద్దాయన నా చేతికి రబ్బరు కట్టబోయి ఆగి, "ఎంట్రుకలకు, గోర్లకు ఏమన్న గోలీలు వాడుతున్నవా బిడ్డా?" అన్నడు. వాడుతున్న అన్న. రబ్బరు పక్కకు పెట్టిండు. "అవి ఆపి మూడు రోజులైనంక రా. ఇయ్యాల తీస్తే నీ పైసలు నాకొస్తయి గని నీకు అక్కరకొచ్చే నంబర్ రాదు."

అప్పుడు చెప్పిండు. హార్మోన్ కొలిచే కొన్ని మిషన్లల్ల బయోటిన్‌నే జిగురు లెక్క వాడతరు. మన రక్తంల గోలీల నుంచి వచ్చిన బయోటిన్ దండిగ ఉంటే అది పోయి ఆ జిగురు జాగ ఆక్రమిస్తది, దాంతోని టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తది, ఫ్రీ టీ4, టీ3 ఎక్కువ చూపిస్తయి. అంటే తక్కువ థైరాయిడ్ ఉన్న మనిషి కాయితం మీద ఎక్కువ థైరాయిడ్ ఉన్నట్టు కనవడతది. అన్ని మిషన్లు ఇట్ల ఉండవు. ఇంటికొచ్చి నేను చదివితే, దీని మీద అమెరికాల మందులు, టెస్టుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2017లనే హెచ్చరిక ఇచ్చింది. మనిషికి రోజుకు కావాల్సిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు, నా గోలీల ఉన్నది దానికి మూడు వందల రెట్ల పైన.

గోలీలు ఆపి పోయి ఇస్తే టీఎస్‌హెచ్ 14.2 వచ్చింది, అంటే హార్మోన్ నిజానికి తక్కువున్నది. డోసు మల్ల 100కు పోయింది, తర్వాతి టెస్టుకు 2.6, హద్దులకొచ్చింది. ఉంగరం మల్ల సులువుగ వస్తున్నది.

నా కోపం ఎందుకంటే, థైరాయిడ్ తక్కువుంటే ఎంట్రుకలు రాలుతయి, ఎంట్రుకలు రాలితే బయోటిన్ కొంటం. థైరాయిడ్ టెస్టుకొచ్చేటోళ్లల్ల ఈ గోలీలు మింగేటోళ్లు ఉంటరని అంత పెద్ద ల్యాబుకు తెల్వదా? బుకింగ్ ఫామ్‌ల ల్యాండ్‌మార్క్ అడుగుతరు, ఇంట్ల కుక్క ఉన్నదా అని కూడా అడుగుతరు. ఆ ప్రశ్న ఒకటి పెట్టున్రి అని రాస్తే థ్యాంక్స్ అని మెసేజ్ వచ్చింది, ఫామ్ మాత్రం మొన్నటిదాక మారలే.

గల్లీ ల్యాబును కూడా నెత్తిన పెట్టుకోను. ఒకసారి ఆ పెద్దాయన లేని రోజు పోతే కౌంటర్ల ఉన్న పిల్ల ఏం అడగకనే సూది తీసింది. రిపోర్టు కాయితం మీదనే, మల్ల పోయి తెచ్చుకోవాలె, ఆదివారం బంద్.

ఇప్పుడు నేను మల్ల ఇంటి సర్వీసే వాడుతున్న, కాకపోతే పద్ధతి మార్చిన. బయోటిన్ ఉన్నదేదైనా, మల్టీవిటమిన్ అయినా సరే, కనీసం రెండు రోజుల ముందు ఆపుమంటరు, నేను మూడు ఆపుత. పొద్దుగాల మొదటి స్లాట్ తీస్కుంట, మధ్యాహ్నానికి టీఎస్‌హెచ్ తగ్గుతది కాబట్టి ప్రతిసారి ఒకటే టైం ఉంటే పోల్చుకోనీకే మంచిది. థైరాయిడ్ గోలీ రక్తం ఇచ్చినంకనే, ముందే వేస్కుంటే కొన్ని గంటలు టీ4 పెరిగి కనవడతది. వచ్చిన పిలగానికి నేనే చెప్త, తమ్ముడు రాసుకో, బయోటిన్ ఆపిన అని. రాసుకోను జాగ లేదక్కా అంటడు.

పరకాలల మా చెల్లె గర్భంతోని ఉన్నది, ఆమెకు కూడా థైరాయిడే, ఆమెకు మాత్రం ఇది వాడమని చెప్పలే. కడుపుతోని ఉన్నప్పుడు డోసు అవసరం పెరుగుతది, మొదటి సగంల దాదాపు 4 వారాలకోసారి చూడాలె, కాయితం ఒక్కటి చూసి నడిచే పని కాదది, డాక్టర్ దగ్గరికే పొమ్మన్న. నా లెక్క డోసు కుదిరి, నోరు తెరిచి చెప్తే వినే డాక్టర్ ఉన్నోళ్లకైతే ఐదుకు మూడు ఇస్త. ఫామ్‌ల ఆ ఒక్క ప్రశ్న పెట్టిన్నాడు నాలుగు చేస్త.