క్రాంకు సంచిలో పెట్టుకుని: యెజ్డీ సామాను కోసం బెంగళూరు, మైసూరు

మా బాబాయి యెజ్డీ రోడ్‌కింగ్ మోటారుసైకిలు 18 ఏళ్ళు గొడ్ల చావిట్లో ఉంది. 1984 మోడలు. సీటు మీద కోళ్ళు పొదిగాయి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో కందిరీగలు గూడు పెట్టాయి. పాత ఇనుము వాడు 6,000 ఇస్తానన్నాడని పిన్ని చెప్తే, ఆ 6,000 నేనే ఇచ్చి ఆటోలో వేసుకుని నరసరావుపేట తెచ్చుకున్నా. బండికి పెట్టిన ఖర్చులో అదే చిన్నదని అప్పటికి తెలీదు.

ఇంజను విప్పింది మా మేస్త్రి. 70 దాటిన మనిషి. పల్నాడు బస్టాండు దగ్గర షెడ్డు ఉన్న రోజుల్లో జావా, యెజ్డీ తప్ప వేరే బండి మీద చెయ్యి వేసేవాడు కాదని చెప్పుకుంటారు. విప్పి, బండగుడ్డ మీద సామానంతా వరసగా పేర్చాడు. బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ మీద, గీతలు. పిస్టన్‌ని క్రాంకుకి (ఇంజను తిప్పే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే టక్కుటక్కుమంటోంది. ఇరుసు చుట్టూ గాలి, ఆయిలు దాటకుండా ఆపే రబ్బరు రింగులు, ఆయిల్ సీళ్ళు, ఎండిపోయి గోటితో గిల్లితే పెచ్చులుగా రాలుతున్నాయి. కుడివైపు సైలెన్సరు అడుగంతా తుప్పు. సీళ్ళు పోతే ఏమవుతుందిలే అనుకునేవాణ్ణి. టూ స్ట్రోక్ బండికి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంకు కేసులోనే ఒత్తుకుని, తర్వాత పైకి పోతుంది. సీలు పోయిందంటే ఒకపక్క బయటి గాలి, ఇంకోపక్క గేరాయిలు లోపలికి లాగేస్తుంది. తెల్ల పొగ తప్ప బండి నడవదు.

షోరూములో అడగొచ్చుగా అని చాలామంది సలహా ఇచ్చారు. 2022 జనవరిలో మళ్ళీ వచ్చిన యెజ్డీకి, దీనికి ట్యాంకు మీద పేరు తప్ప చుట్టరికం లేదు. అది 334 సీసీ ఫోర్ స్ట్రోక్, నీళ్ళతో చల్లబడే ఇంజను. ఇది 248.5 సీసీ టూ స్ట్రోక్, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. దీన్ని చేసిన మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1996లోనే ఆగిపోయింది. ఆన్‌లైన్లో ఒక పిస్టన్ తెప్పిస్తే డబ్బా మీద 0.50 అని ఉంది (అసలు సైజు కంటే అన్ని మిల్లీమీటర్లు పెద్దదని), లోపల కొలిస్తే 0.25. తిరిగి పంపడానికి నెల పట్టింది, డబ్బు సగమే వచ్చింది.

"ఇట్టా కాదు బాబూ, పోయి చేత్తో పట్టుకుని తెచ్చుకోవాల" అన్నాడు మేస్త్రి. ఆయన్నే రమ్మన్నా. అలా ఒక శుక్రవారం రాత్రి బెంగళూరు పోయే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బియ్యం సంచిలో క్రాంకు, పాత పిస్టన్, క్లచ్ బుట్ట, సీళ్ళు, స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ళ చక్రాలు). ఫోనులో ఫోటోలు చాలవా అని నేనంటే, ఫోటోకి బరువుంటుందా అన్నాడు. ఆ మాట విలువ మర్నాడు బెంగళూరు బండి సామాన్ల వీధి జేసీ రోడ్డులో తెలిసింది.

యశ్వంతపూర్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రోలో కేఆర్ మార్కెట్ దగ్గర దిగితే జేసీ రోడ్డు నడిచిపోయే దూరమే. ఇరవై కిలోల సంచి మోస్తూ నడవచ్చా అంటే, నడవకండి, ఆటో ఎక్కండి. ఈ వీధిలో కార్లు, లారీల సామానే ఎక్కువ. పాత బైకుల వాళ్ళు పక్క సందుల్లో, మెట్ల కింద, మొదటి అంతస్తుల్లో ఉంటారు. బోర్డు చూసి పోతే దొరకరు. ఒక షాపులో లేకపోతే "ఆ మూలాయన్ని అడుగు" అని వాళ్ళే చెప్తారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది. కన్నడం రాకపోయినా ఇబ్బంది లేదు, సగం మందికి తెలుగొచ్చు. మేస్త్రి గుంటూరు ఉర్దూ అయితే అన్నిచోట్లా చెల్లింది.

కొత్తగా తయారైన సామానుకి బెంగళూరే మేలు. పిస్టన్ కిట్టు 1,900, రబ్బరు సామాను సెట్టు 650, క్లచ్ ప్లేట్లు 700, కేబుళ్ళన్నీ కలిపి 550. సైలెన్సర్ల జత 5,200 చెప్పి 4,600కి ఇచ్చారు. పైకి మెరుస్తాయి గాని, పాతదీ కొత్తదీ చెరో చేత్తో పట్టుకుంటే రేకు మందంలో తేడా తెలిసిపోతుంది. ఫోటోకి తెలియని సంగతి ఇదే. స్ప్రాకెట్టు కూడా అంతే: మేస్త్రి కొత్తదాని పంటి మీద ఆకురాయి పెట్టి ఒక్క గీత గీశాడు, మెత్తగా దిగింది. షాపతను నవ్వి, లోపలి నుంచి వేరేది తెచ్చాడు. దాని ధర రెట్టింపు.

ఒకచోట పూర్తి ఇంజనే చూపించారు, 14,000. నాకు ఆశ పుట్టింది. ఈ తిరుగుడంతా తప్పుతుంది కదా! మేస్త్రి నెంబరు దగ్గర కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, నన్ను బయటికి లాక్కొచ్చాడు. అంకెలు గీకి మళ్ళీ కొట్టారట. పాత బండికి ఆర్సీ రెన్యూవల్ చేయించేటప్పుడు ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు కాగితంతో సరిపోవాలి. ఎంత చవగ్గా వచ్చినా, కాగితం లేని ఇంజను మాత్రం కొనకండి.

ఆ రాత్రి కలాసిపాళ్యం పక్కన ఒక లాడ్జిలో దిగాం. గది 900. ఇంతకంటే చెప్పడానికి మంచి మాట లేదు. తెల్లవార్లూ బస్సుల హారన్లు, బాత్రూములో బకెట్టుకు పిడి లేదు, దుప్పటి మీద ఎవరిదో తలనూనె మరక. ఇంకో 500 పెట్టి మెజెస్టిక్ వైపు పోయి ఉండాల్సింది. మేస్త్రి మాత్రం క్రాంకు సంచి తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం షాపులు మూసేస్తారు, కాని ఎస్జేపీ రోడ్డు చుట్టుపక్కల పేవ్‌మెంటు మీద సండే బజారు పెడతారు. చెప్పుల దగ్గర్నుంచి సెల్‌ఫోన్ల దాకా అన్నీ కుప్పలే. సరదాకి బాగుంటుంది, బండి సామానుకి అదృష్టం ఉండాలి. రెండు గంటలు తిరిగితే దొరికింది ఒకటే: పాత యెజ్డీ స్పీడోమీటరు, అద్దం పగిలింది, ముల్లు కదులుతోంది. 1,200 నుంచి 400కి దింపాం. జేబులు మాత్రం జాగ్రత్త, నా కళ్ళద్దాల డబ్బా అక్కడే పోయింది.

మధ్యాహ్నం రైలెక్కితే రెండున్నర గంటల్లో మైసూరు. గాంధీ స్క్వేర్ దగ్గర పాతకాలం లాడ్జి, 1,100. ఎత్తు గదులు, చెక్క కిటికీలు, పొద్దున ఆరింటికి వేణ్ణీళ్ళు. మేం గ్రీజు చేతులతో వస్తుంటే మేనేజరు విసుక్కోకుండా పాత న్యూస్‌పేపర్లు ఇచ్చి పరుచుకోమన్నాడు. ఈ యాత్రలో పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది ఒక్క అక్కడే అనాలి. ఆదివారం కాబట్టి సాయంత్రం ప్యాలెస్‌కు దీపాలు పెట్టారు, లక్షకు దగ్గరగా బల్బులట. మేస్త్రి నోరు తెరుచుకుని చూసి, "ఇన్ని ఎలుగుతున్నయ్, మనకి 6 వోల్టుల బల్బు ఒక్కటి దొరకలేదే" అన్నాడు. నిజమే, జేసీ రోడ్డంతా అడిగినా 12 వోల్టులవే చూపించారు.

మైసూరులో సామాను గుట్టలుగా ఉంటుందనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఫ్యాక్టరీ ఉండిన యాదవగిరి రైల్వే స్టేషనుకు దగ్గరే. 1961 నుంచి జావాలు, 1973 నుంచి యెజ్డీ పేరుతో బళ్ళు బయటికొచ్చిన చోటు కదా అని ఆటోలో అటు పోయొచ్చాం. సామాను కోసం వెళ్ళేవాడికి అక్కడ పనేమీ లేదు. బెంగళూరు షాపుల్లో ఉన్నదాంట్లో సగం కూడా ఈ ఊళ్ళో లేదు, ఉన్నది కూడా పదో పరకో ఎక్కువే. ఇక్కడ ఉన్నది మనుషులు.

మండి మొహల్లా వైపు సందులో ఒక చిన్న వర్క్‌షాపు. లోపల ఒక పెద్దాయన, ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి బయటికొచ్చినవాడు. మేస్త్రి సంచి విప్పి క్రాంకు ఆయన ముందు పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు, ముందు క్రాంకునే పలకరించారు. ఆయన రాడ్డు పట్టుకుని చెవి దగ్గర ఆడించి విన్నాడు. మేం బెంగళూరులో కొన్న రాడ్డు కిట్టు చూసి, బేరింగు రోలర్లు ఒక్కొక్కటీ మైక్రోమీటరుతో కొలిచి, రెండు రోలర్లు తేడా ఉన్నాయని పక్కన పెట్టేశాడు. తన దగ్గరున్న పాత స్టాకు, మైనం కాగితంలో చుట్టింది, తీశాడు. కిట్టు 2,800, పని 1,200.

యెజ్డీ క్రాంకు ఒకే ముక్కగా పోత పోసింది కాదు. రెండు చక్రాల మధ్య పిన్ను ప్రెస్సు మీద ఒత్తి బిగిస్తారు. రాడ్డు మార్చాలంటే ఊడదీసి, మళ్ళీ ఒత్తి, రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద తిరిగేలా సరిచెయ్యాలి. మా ఊళ్ళో అది కంటి అంచనాతో, సుత్తి దెబ్బతో చేస్తారు. ఈయన క్రాంకుని వీ బ్లాకుల మీద పడుకోబెట్టి, వంకర కొలిచే డయల్ గేజీ ముల్లు ఆనించి, నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ ముల్లు లేస్తే అక్కడ రాగి సుత్తితో ఒక్క దెబ్బ. మళ్ళీ తిప్పడం. 0.05 మిల్లీమీటర్ల లోపుకి వచ్చేదాకా వదల్లేదు. సోమవారం మధ్యాహ్నం మొదలుపెట్టి మంగళవారం భోజనాల వేళకి ఇచ్చాడు. మేస్త్రి స్టూలు మీంచి లేవలేదు. ఆయన కన్నడం, ఈయన తెలుగు, మధ్యలో ఉర్దూ. నాకు అర్థం కానివి చాలా మాట్లాడుకున్నారు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి తిప్పితే కిక్కు రాడ్డయ్యే ఏర్పాటుందే, దాని స్ప్రింగు గురించే ముప్పావు గంట. 6 వోల్టుల బల్బులు కూడా ఆయన డబ్బాలోంచే రెండు వచ్చాయి, డబ్బు తీసుకోలేదు.

నాకు ఖాళీ దొరికిన పూట నజర్‌బాద్‌లో మైలారి దోసె తిన్నా. దూది లాంటి దోసె, మీద వెన్న. మన పేట కారం దోసె తినే నోటికి కాస్త చప్పన, కాని రెండు తిన్నాక మూడోది అడిగా. సయ్యాజీరావు రోడ్డులో మైసూరుపాకు పిన్ని కోసం తీసుకున్నా.

తిరుగు దారిలో ఒక తప్పు చేశాం. సైలెన్సర్లూ, మడ్గార్డూ రైల్లో ఇబ్బందని బెంగళూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వేశాం. 380 తీసుకున్నారు. ఆరో రోజు వచ్చాయి, మడ్గార్డు మీద ఏదో బరువు పెట్టినట్టు మధ్యలో గుంట. అడిగితే రసీదు వెనక సన్నక్షరాలు చూపించారు. గోనె పట్టా కాదు, చెక్క పట్టీలు కట్టించాల్సింది.

బోరింగు పని మాత్రం విజయవాడ ఆటోనగర్‌కే పట్టుకెళ్ళాం, దానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు. 65 మిల్లీమీటర్ల అసలు బోరు 0.50 పెరిగింది. పిస్టన్ ముందు కొని, దాన్ని లేతు వాడి చేతికిచ్చి, దానికి సరిపడా బోరు చెయ్యమనాలి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే నాలాగా రెండుసార్లు డబ్బు కట్టాలి. ఇదే బండికి మొదట ఆ పని కూడా చేసినవాణ్ణి. ఈసారి బోరుకి 700 అయింది, రెండు గంటల్లో చేతికిచ్చారు.

మద్రాసు పుదుప్పేట గురించి అడుగుతారని చెప్తున్నా: పోయినేడు స్నేహితుడి బుల్లెట్ కోసం వెళ్ళా. ఎగ్మూరు దగ్గరే. కార్లని నిలువునా విప్పేసే చోటు, చూడాల్సిందే, కాని యెజ్డీ వాడికి ఒక పూట దండగ. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో బుల్లెట్ సామాను దొరకనిది లేదు. సోమవారం సెలవని తెలీక వెళ్ళి షట్టర్లు చూసి వచ్చా.

రైళ్ళు, గదులు, తిండి ఇద్దరికీ కలిపి 7,400, సామాను, పని కలిపి 19 వేల చిల్లర. మేస్త్రి కూలి తీసుకోనన్నాడు, ఆ లెక్క ఇంకా తేలలేదు. బండి స్టార్టయింది, లీటరు పెట్రోలుకు 40 మిల్లీ టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు కలిపి ఊరి చివరిదాకా తోలుతున్నాం. ట్యాంకు పక్కన అతికించే మోకాలి రబ్బర్లు ఒరిజినలువి మాత్రం ఎక్కడా దొరకలేదు. మైసూరు పెద్దాయన దగ్గర ఎడమ పక్కది ఒక్కటి ఉందట, కుడిది దొరికితే ఫోను చేస్తానన్నాడు.